స్థలం మీ పేరు మీద ఉంది, పట్టా ఎవరి చేతిలో ఉంది?

నెల్లూరు మూలాపేటలో అద్దెకుంటున్న 38 ఏళ్ల మహిళ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. క్లుప్తంగా విషయం ఇది.

వీళ్లు ఇంతకుముందు పెన్నా ఏటి గట్టు మీద, పొర్లుకట్ట దగ్గర రేకుల ఇంట్లో ఉండేవారు. 2021 నవంబరు వరదలో ఆ ఇల్లు పోయింది. కొన్నాళ్లకు భర్త పనికని చెన్నై వెళ్లాడు, తిరిగి రాలేదు. ఇప్పుడు ఇంట్లో ఉన్నది ఆవిడ, పదో తరగతి కూతురు, ఏడో తరగతి కొడుకు, 67 ఏళ్ల అత్త. తెల్లవారుజామున గ్రైండర్‌లో దోశ పిండి రుబ్బి వీధిలో అమ్ముతారు, పగలు రెండిళ్లలో వంట చేస్తారు. నెలకు 14 వేల దాకా వస్తుంది. అత్తకు 4 వేల పింఛను. ఇంటి అద్దె 5,500.

2020 డిసెంబరులో ప్రభుత్వం ఇళ్ల పట్టాలు పంచినప్పుడు ఊరికి 14 కిలోమీటర్ల దూరంలోని కాలనీలో ఈవిడ పేరు మీద సెంటు స్థలం వచ్చింది. ఇల్లు కూడా మంజూరైంది. మూడో ఆప్షన్, అంటే ప్రభుత్వమే కాంట్రాక్టరు చేత కట్టించే పద్ధతికి సంతకం పెట్టారు. కాంట్రాక్టరు బేస్‌మెంట్ వేసి వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడం లేదు. మిగతా పనికి మూడున్నర లక్షలు అవుతుందని మేస్త్రీ లెక్క చెప్పాడు.

ఇప్పుడు ఓనరు ఇల్లు పడగొట్టి కట్టుకుంటాం, సంక్రాంతికి ఖాళీ చేయమన్నారు. ఒక బ్రోకరు స్థలానికి రెండున్నర లక్షలు ఇప్పిస్తానని, పార్టీకి చూపించి తెస్తానని ఒరిజినల్ పట్టా తీసుకెళ్లి పన్నెండు రోజులైంది. మూడేళ్లకు పైగా పలకని భర్త ఉన్నట్టుండి ఫోన్ చేసి అమ్మేయమంటున్నాడు. తెలిసినావిడ ఒకరు మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు ఇప్పిస్తానంటోంది. అత్త మాత్రం స్థలం అమ్మొద్దు, కావాలంటే మళ్లీ ఏటి గట్టు మీదికే పోదాం అంటోంది. “మొన్న వానలకు ముందు మా అత్త కాలనీకి పోయి, బేస్‌మెంట్‌లోంచి పైకి లేచిన కమ్మీలకు తుప్పు పట్టకుండా మా పిండి కవర్లు కట్టి వచ్చింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. అమ్మితే తప్పా? అమ్మకపోతే పిల్లలతో ఆత్మకూరు బస్టాండులో పడుకోవాలా?” అని ముగించారు.

అమ్మా,

అన్నిటికంటే ముందు ఆ పట్టా వెనక్కి తెచ్చుకోండి. మిగతాది ఆ తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ఒక్కరే వెళ్లకండి. మీ పొదుపు గ్రూపులో గట్టిగా మాట్లాడే ఇద్దరిని, వీలైతే గ్రూపుల పని చూసే మీ ఆర్పీని (రిసోర్స్ పర్సన్‌ను) కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. స్టాంపు పేపరు మీద సంతకం గానీ, వేలిముద్ర గానీ పెట్టారా, అడ్వాన్సు పేరుతో ఏమైనా తీసుకున్నారా అన్నది మీరు రాయలేదు. పెట్టి ఉంటే ఆ కాగితం కూడా తీసుకోండి. డబ్బు తీసుకుని ఉంటే పదిమంది ముందు తిరిగిచ్చి, ముట్టినట్టు రాయించుకోండి.

రేపిస్తా, ఎల్లుండిస్తా అంటే ఇంకో వారం ఆగొద్దు. తాసీల్దారుకు ఒక అర్జీ, పోలీస్ స్టేషన్‌లో ఒక అర్జీ ఇచ్చి రెండింటికీ రసీదు తీసుకోండి. కాగితం అతని దగ్గర ఉన్నంత మాత్రాన స్థలం అతనిదైపోదు. పట్టా ఎవరి పేరు మీద ఇచ్చారన్నది తాసీల్దారు ఆఫీసు రికార్డులో ఉంటుంది, అక్కడ ఉన్నది మీ పేరే. ఈ మాట మనసులో పెట్టుకుని వెళ్తే అతని ముందు గొంతు వణకదు. 2024 మొదట్లో ఈ పట్టాలకు రిజిస్టర్ చేసిన కన్వేయన్స్ డీడ్‌లు, అంటే స్థలం లబ్ధిదారు పేరుకు రాసిచ్చిన దస్తావేజులు, కూడా ఇచ్చారు. మీకు పాత పట్టా ఒక్కటే ఉందా, డీడ్ కూడా వచ్చిందా, వస్తే అది ఎక్కడుంది, బీరువాలో ఒకసారి వెతకండి.

ఇక మీ ప్రశ్న. అమ్మితే తప్పా? పాపం అని నేను అనను. నెత్తి మీద కప్పు పోతుందన్న భయంలో ఉన్న మనిషిని తప్పొప్పుల లెక్క అడగకూడదు. కానీ ఆ అమ్మకంతో ఏమవుతుందో మాత్రం పూర్తిగా చెప్పాలి.

ఇది ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన, అంటే ఉచితంగా కేటాయించిన స్థలం. దీనికి 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వర్తిస్తుంది. తర్వాత చేసిన సవరణ ప్రకారం ఇంటి స్థలమైతే ఇచ్చిన పదేళ్ల దాకా అమ్మకూడదు. మీ పట్టా 2020 డిసెంబరుది కాబట్టి 2030 డిసెంబరు దాకా ఏ అగ్రిమెంటు రాసుకున్నా చెల్లదు. ప్రభుత్వం స్థలాన్ని వెనక్కి తీసుకోవచ్చు. అలా తీసుకున్న రోజు ఆ కొన్నాయన డబ్బుకోసం వచ్చేది మీ గుమ్మం ముందుకే. అప్పటికి ఆ రెండున్నర లక్షలు మీ దగ్గర ఉంటాయా? ఇప్పటి అద్దె ప్రకారం అది 45 నెలల అద్దె. మీ అబ్బాయి ఇంటర్‌లో చేరేసరికి అయిపోతుంది.

ఇంకొకటి. ఈ దెబ్బ వెంటనే కనపడదు కాబట్టి ఎవరూ చెప్పరు. 2024 సెప్టెంబరు నుంచి పట్టణాల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో విడత నడుస్తోంది. అందులో ఇల్లు కట్టుకునేవారికి కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్ష, కలిపి రెండున్నర లక్షలు వస్తాయి. కానీ గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ ఇంటి పథకంలోనైనా లబ్ధి పొంది ఉంటే అందులోకి తీసుకోరు. మీ ఆధార్ నంబరు మీద ఇల్లు మంజూరైనట్టు ఇప్పటికే రికార్డులో ఉంది. స్థలం అమ్మినా ఆ రికార్డు చెరిగిపోదు. ఇల్లూ ఉండదు, మళ్లీ అడిగే అవకాశమూ ఉండదు. ఇది వదిలేసి ఊళ్లో రెండు సెంట్లకు దరఖాస్తు పెట్టుకోమని మీకు ఎవరో చెప్పారని రాశారు. కొత్త విధానంలో పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామన్న మాట నిజమే. అయితే అది స్థలం లేనివాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసింది. బేస్‌మెంట్ లేచిన ఇంటిని వదిలేసి అటు మారడం అంత సులువు కాదు. దాన్ని నమ్ముకుని ఉన్నది వదులుకోకండి.

మీ ఆయన మాట. పట్టా మీ పేరు మీద ఉంది. పిల్లల తిండీ చదువూ చూస్తున్నది మీరు. అమ్మమనే హక్కు ఆయనకు లేదు. ఆయన ఫోన్ చేయడం, బ్రోకరు రావడం ఒకే నెలలో జరిగాయి కాబట్టి ఇద్దరికీ ఏమైనా మాటలు ఉన్నాయేమో ఒకసారి ఆలోచించండి. బెదిరింపులకు దిగితే కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా పెడతారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

మూడు రూపాయల వడ్డీ గురించి ఒక్క లెక్క చాలు. రెండు లక్షలకు నెలకు 6 వేలు. మీ అద్దె 5,500. అద్దె తప్పించుకోవడానికి అద్దెకంటే ఎక్కువ వడ్డీ కడతారు, అసలు అట్లాగే ఉంటుంది. వద్దు.

ఇప్పుడు ఆ బేస్‌మెంట్ దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఉత్తరం మొత్తంలో బలమైన చోటు అదే, మీరు దాన్ని బరువుగా చూస్తున్నారు.

మీకు ఇల్లు మంజూరైన పాత పథకంలో ఇంటికి 1.80 లక్షలు లెక్క వేశారు.  ఈ డబ్బు ఒకేసారి రాదు. బేస్‌మెంట్, గోడలు లేచి రూఫ్ లెవెల్, స్లాబు, ఇలా ఒక్కో దశలో గ్రామ, వార్డు సచివాలయంలో హౌసింగ్ చూసే ఉద్యోగి స్థలం దగ్గర ఫోటో తీసి ఆన్‌లైన్‌లో ఎక్కిస్తేనే ఆ దశ బిల్లు కదులుతుంది. అంటే మీ ఇల్లు రెండు చోట్ల ఉంది. ఒకటి నేల మీద, ఒకటి కంప్యూటర్‌లో. నేల మీద బేస్‌మెంట్ ఉందని మీకు తెలుసు. కంప్యూటర్‌లో ఏముందో మీకు తెలియదు, మూడేళ్లలో ఎవరూ మీకు చెప్పలేదు. ఇదే నాకు బాధగా ఉంది. మీ పేరు మీద వచ్చిన ప్రజల డబ్బు ఎంత ఖర్చయిందో మీకు తెలియకపోవడం మీ తప్పు కాదు, కానీ తెలుసుకోవడం ఇప్పుడు మీ అవసరం.

కాబట్టి కాలనీ ఏ సచివాలయం కిందికి వస్తుందో అక్కడికి వెళ్లి రెండే ప్రశ్నలు అడగండి. నా ఇల్లు ఏ స్టేజీలో నమోదైంది? ఇప్పటిదాకా ఎంత బిల్లు, సిమెంటు, స్టీలు నా పేరు మీద ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు? నోటితో చెబితే రాసిమ్మనండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు మహా అయితే పది రూపాయలు, తెల్లకార్డు జిరాక్సు జత చేస్తే అదీ అక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

జవాబును బట్టి దారి మారుతుంది. కంప్యూటర్‌లోనూ బేస్‌మెంటే ఉంటే మిగతా దశల డబ్బు ఇంకా మీకు రావాల్సి ఉన్నట్టే. అప్పుడు మిగతా పని నేనే చేయించుకుంటాను, బిల్లులు నా ఖాతాకే వేయండి అని హౌసింగ్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) అర్జీ రాసి ఇవ్వండి. దీనివల్ల ఇంకో కాంట్రాక్టరు కోసం కాచుకోనక్కర్లేదు. కానీ ఇసుక దగ్గర్నుంచి మేస్త్రీ దాకా తిరిగే పని మీ నెత్తిన పడుతుంది, బిల్లు వచ్చేలోపు చేతి నుంచి పెట్టాలి. ఈ పాత పథకం ఇళ్లకు గడువులు పెడుతూ వస్తున్నారు కాబట్టి మీ ఇంటి గడువు ఎప్పటి దాకా ఉందో కూడా అదే రోజు అడగండి.

కంప్యూటర్‌లో స్లాబు పడిందని ఉంటే మాత్రం ఎవరో మీ పేరు మీద తిన్నారు. బేస్‌మెంట్ పక్కన మీరు నిలబడి, ఆ రోజు పేపరు చేతిలో పట్టుకుని ఫోటో తీయించుకోండి. మీ అత్త కట్టిన ఆ కవర్లు కూడా ఫోటోలో కనపడాలి. సోమవారం కలెక్టరేట్‌లో తిక్కన ప్రాంగణంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి, నంబరున్న రసీదు తీసుకోండి. ఇది నెల రోజుల్లో తేలే గొడవ కాదు. అదే కాంట్రాక్టరు కాలనీలో మిగతావాళ్లకూ ఇదే చేసి ఉంటాడు. వాళ్లను వెతికి పదిమంది కలిసి వెళ్తే అధికారులు వినే తీరే వేరుగా ఉంటుంది. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన జిల్లా మనది. పొదుపు గ్రూపుల్లో కూర్చుని సంతకం నేర్చుకున్న అమ్మలు ఇక్కడ వేలమంది. మీ గ్రూపును పదో తేదీ కిస్తీ కట్టడానికి మాత్రమే అనుకోకండి.

డబ్బు ఎక్కడి నుంచి? మీరు బీసీ అని రాశారు. మధ్యలో ఆగిన ఇళ్లకు అదనపు సాయంగా బీసీ, ఎస్సీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు ఇస్తామని 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అదీ దశల వారీగానే వస్తుంది. మీ ఇంటి పథకంలో పొదుపు గ్రూపు సభ్యులకు బ్యాంకు ద్వారా పావలా వడ్డీకి 35 వేలు ఇప్పించే ఏర్పాటు చేశారు. మీరు ఇదివరకు తీసుకున్నారో లేదో ఆర్పీని అడిగి చూడండి. తక్కువ పడితే గ్రూపు లోను. రూపాయి వడ్డీ పడ్డా లక్షకు నెలకు వెయ్యి, మూడు రూపాయలతో పోల్చి చూసుకోండి. ఇసుక ఉచితం, బండి కిరాయి మాత్రం మీదే.

మేస్త్రీ చెప్పిన మూడున్నర లక్షలు పూతలు, గచ్చు, రంగులు అన్నీ కలిపినదై ఉంటుంది. చేరడానికి ఎంత కావాలో విడిగా చెప్పమనండి. గోడలు, స్లాబు, ఒక తలుపు, కరెంటు, మరుగుదొడ్డి. పూత లేని గోడల మధ్య పడుకోవచ్చు. మరుగుదొడ్డి లేకుండా మాత్రం వయసొచ్చిన ఆడపిల్లను తీసుకుని వెళ్లొద్దు. పని మళ్లీ మొదలుపెట్టే ముందు ఆ కమ్మీలు ఎంత తుప్పు పట్టాయో ఏఈ చేత చూపించండి, పైపైన రుద్ది కాంక్రీటు పోసేయనివ్వొద్దు. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలే కాబట్టి, సంక్రాంతి నుంచి ఎండాకాలం చివరిదాకా మీకు దొరికే పని కాలం. సంక్రాంతికల్లా ఇల్లు లేవదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఇల్లు లేచినా ఇంకో చిక్కు ఉంది. మీరు దాని గురించి ఒక్క వాక్యమే రాశారు: “అక్కడ నా పిండి ఎవరు కొంటారు?” నాకైతే అదే అసలు ప్రశ్న. 14 కిలోమీటర్లు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి చార్జీ బాధ తీరింది, కానీ తెల్లవారుజామున పిండి బిందెతో ఏ బస్సు ఎక్కుతారు? మామూలు రోజు రాత్రి ఏడున్నరకు ఒకసారి కాలనీకి వెళ్లి చూడండి. ఎన్ని ఇళ్లలో దీపం వెలుగుతోంది, వీధి లైటు ఉందా, ఆఖరి బస్సు ఎప్పుడు, నీళ్లు ఎట్లా వస్తున్నాయి. నాలుగు వీధుల జనం చేరి ఉంటే మీ పిండికి అక్కడా గిరాకీ పుడుతుంది. పది కొంపలు కూడా లేకపోతే ఇల్లు పూర్తి చేసి తాళం వేసుకుని, ఇంకో ఏడాది ఊళ్లోనే ఉండటం మేలు కావచ్చు. అప్పుడు అద్దె భారం తప్పదు, కానీ స్థలం పోదు, పని పోదు. ఇది మీ ఇంటి లెక్క, మీరే వేసుకోవాలి.

సంక్రాంతి సంగతి. నెలనెలా అద్దె కట్టే ఇంటికి, రాతకోతలు లేకపోయినా, చట్టం ప్రకారం కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సామాను బయట పడేయడానికి, కరెంటు పీకేయడానికి ఓనరుకు హక్కు లేదు. కానీ ముందే గొడవకు దిగకండి. పాప పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా, ఏప్రిల్ మొదటి వారం దాకా ఆగమని మంచిగా అడగండి. కావాలంటే ఆ తేదీకి ఖాళీ చేస్తానని కాగితం రాసివ్వండి. కూల్చేది ఎండాకాలంలోనే అయితే ఆయనకూ పెద్దగా నష్టం లేదు. ఒప్పుకోకపోతే అడ్వాన్సు మొత్తం చేతిలో పెట్టించుకుని, అదే పేటలో చిన్న గది చూడండి. పాప బడి, మీ పిండి వాడుక మారకుండా ఈ నాలుగు నెలలు గడవాలి.

మీ అత్తగారి మాట కొట్టేయాలనిపించడం లేదు. కన్నకొడుకు వెళ్లిపోయినా కోడలి దగ్గరే ఉండి, కోడలి స్థలానికి కాపలా కాస్తున్న మనిషి ఆమె. కానీ ఏటి గట్టు మాత్రం వద్దు. 2021లో నీళ్లు ఎంత లోతు వచ్చాయో నాకంటే ఆమెకే బాగా తెలుసు. ప్రభుత్వ స్థలాల్లోని ఇళ్లను క్రమబద్ధం చేస్తామని 2025లో ప్రభుత్వం చెప్పింది 2019 అక్టోబరు 15కు ముందు కట్టుకున్నవాటి గురించే. ఇప్పుడు కొత్తగా రేకులు పాతుకుంటే వరద రాకపోయినా పొక్లెయినర్ వస్తుంది.

బస్టాండు గురించి కూడా దాటేయను. ఆ భయం మీ ఉత్తరంలో రెండు చోట్ల ఉంది. పట్టణాల్లో లక్ష జనాభాకు కనీసం ఒక వసతి గృహం, ఇరవై నాలుగు గంటలూ, ఏడాది పొడవునా నడవాలని సుప్రీంకోర్టు చెప్పింది. దానికోసమే పట్టణ జీవనోపాధి మిషన్ కింద నిధులిచ్చి మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ), మున్సిపాలిటీల ద్వారా నిరాశ్రయుల వసతి గృహాలు పెట్టించారు. ఐదు లక్షల మంది ఉన్న మన ఊరికి ఆ లెక్కన ఐదు ఉండాలి. ఆడవాళ్లకు, పిల్లలున్న కుటుంబాలకు విడిగా చోటు ఉన్నది ఎక్కడో కార్పొరేషన్ ఆఫీసులో మెప్మా వాళ్లను ఇప్పుడే అడిగి పెట్టుకోండి. అవసరం పడుతుందని కాదు, నిద్ర పట్టడానికి. అక్కడ పడుకోవడం దయతో పెట్టిన తిండి లాంటిది కాదు. మీరు కొన్న ప్రతి సబ్బు మీద కట్టిన పన్నుతో నడిచేదే అది.

సచివాలయానికి వెళ్లే రోజు పట్టా, ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ, బ్యాంకు పుస్తకం, గ్రూపు పుస్తకం, అన్నింటికీ రెండేసి జిరాక్సులు తీసుకెళ్లండి. ఒరిజినల్స్ ఎవరు అడిగినా చూపించండి, చేతికి ఇవ్వకండి. మీ అత్తగారిని వెంట తీసుకెళ్లండి, ఆమెకు ప్లాట్ నంబరు నోటికి వచ్చని రాశారుగా. కంప్యూటర్‌లో ఏ స్టేజీ ఉందో తెలిసిన రోజు నాకు ఒక కార్డు ముక్క రాయండి, ఆ తర్వాతి అర్జీ ఎట్లా రాయాలో కలిసి చూద్దాం.